కాలు కదలకుండా

యాకోబు గాల్లో ఉన్నంతసేపూ దేశంలో అతన్ని మించినవాడు లేడు. చిక్కంతా నేల మీదకి వచ్చాకే.

ఇది పొగడ్తలా వినిపిస్తుంది గాని, జిమ్నాస్టిక్స్ తెలిసినవాళ్ళ నోట ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆ ఆటలో ఇనప బారు పట్టుకుని మనిషి ఎన్ని చుట్లు తిరిగినా, గాల్లో ఎన్ని పల్టీలు కొట్టినా, చివరికి వచ్చి రెండు కాళ్ళ మీద నిలబడాలి. నిలబడడమంటే పాతేసిన రాయిలా నిలబడాలి. కాలు ఇంచీ కదిలిందా, జడ్జీలు పెన్సిలు తీసి మార్కు కోసేస్తారు. అడుగు ముందుకి పడితే ఇంకాస్త కోత. చేతులు నేలకి ఆనాయంటే అరమార్కు పోయినట్టే. పదికి తొమ్మిదీ పైచిలుకూ తెచ్చుకునేవాళ్ళ మధ్య అరమార్కంటే మాటలు కాదు.

యాకోబుకి ఏడేళ్ళ పాటు ఆ కాలు కదులుతూనే ఉంది. తప్పు కాళ్ళది కాదు. అమలాపురం కొబ్బరి పొట్టుది.

తాతబ్బాయి మేష్టారు మిలటరీలో పదిహేనేళ్ళు సిపాయిలకి కసరత్తులు నేర్పి, పెన్షను పుచ్చుకుని సొంతూరొచ్చి, అమలాపురంలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరారు. మీసాలు పెద్దవి, గొంతు అంతకంటే పెద్దది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, ఊళ్ళో నలుగురూ నాలుగు కథలు చెప్పేవారు గాని, బారు మీద తలకిందులుగా వేలాడే మనిషికి పిల్లనెవరిస్తారన్నదే నమ్మదగ్గ కారణం.

డెబ్బయ్యొకటో సంవత్సరం వానాకాలంలో ఆయన సైకిలు మీద పంటకాలవ గట్టున వస్తుంటే, ఎదురుగా పన్నెండేళ్ళ కుర్రాడొకడు చేతుల మీద నడుచుకుంటూ వస్తున్నాడు. కాళ్ళు పైకి, తల కిందికి. జేబులోంచి బలపం ముక్కలు రాలుతున్నాయి. మేష్టారు సైకిలు దిగిపోయారు.

"ఎవరబ్బాయివిరా?"

"నూకరాజు గారబ్బాయినండి. కొబ్బరి దింపు తీసే నూకరాజండి."

"చేతుల మీద నడుస్తున్నావేంట్రా?"

"కాల్లో ముల్లు దిగిందండి. ఇస్కూలికి ఆలస్యం అయిపోతోందండి."

మేష్టారు ఆ ముల్లు అక్కడే పిన్నీసుతో తీశారు. తీసి, ఆ కుర్రాణ్ణి ఆ రోజునుంచి పదకొండేళ్ళ పాటు వదల్లేదు. చెట్లెక్కే తండ్రి భుజాలూ, పీచు మిల్లులో కొబ్బరి డొక్కలు విప్పే తల్లి ఎలీసమ్మ చేతులూ కలిసి వచ్చాయి వాడికి. ఇంతకంటే సరుకు ఎక్కడ దొరుకుతుందని ఆయన లెక్క. నూకరాజు మాత్రం చాలా రోజులు నవ్వాడు. "నేను రోజూ తెల్లారిందగ్గర్నుంచి ఎక్కుతానూ దిగుతానూ, నాకెవరూ డిల్లు మాస్టర్ని పెట్టలేదండి" అనేవాడు.

మేష్టారు తన పెరట్లో రెండు తాటిదుంగలు పాతి మధ్యన ఇనప గొట్టం బిగించారు. బారు తయారైంది. మరి బారు మీంచి వదిలాక కుర్రాడు దేని మీద పడాలి? పరుపులు కావాలని స్కూలు నుంచి అర్జీలు వెళ్ళాయి, వెళ్ళినవి వెళ్ళినట్టే ఉండిపోయాయి. గుంట తవ్వి ఇసక పోద్దామంటే, మన సీమలో నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు పలకరిస్తాయి. అప్పుడు మేష్టారికి ఆ ఆలోచన వచ్చింది. కొబ్బరి దుంగలు నాలుగు వైపులా పేర్చి, నడుమెత్తు తొట్టి కట్టి, దాన్నిండా కొబ్బరి పొట్టు పోయించారు. పీచు తీసేశాక మిల్లు వెనకాల గుట్టలు గుట్టలుగా మిగిలిపోయే పొట్టు అది. తీసుకుపోతానంటే మిల్లువాళ్ళు బండి కూడా తోలిపెట్టారు.

ఆ తొట్టి చూడ్డానికి మామిడికుదురు నుంచి కూడా వచ్చారు. అంత ఎత్తునుంచి కుర్రాడు పల్టీ కొట్టి వచ్చి తొడల్లోతు దిగబడిపోయేవాడు. దెబ్బ తగలదు, గీత పడదు. వానాకాలం ముక్కిపోయిన వాసనేసేది, ఒళ్ళంతా దురద పుట్టేది, ఎలీసమ్మ ఎన్ని సార్లు ఉతికినా వాడి లాగులకి ఆ ఎర్ర మరక పోయేది కాదు. అంతకు మించి కష్టం లేదు. మేష్టారు "శభాష్!" అని అరిచి, చంకలో చెయ్యేసి పైకి లాగి, మళ్ళీ బారెక్కించేవారు. పదహారో ఏటికి యాకోబు బారు వదిలి గాల్లో రెండు పల్టీలు కొట్టేవాడు. పెద్ద పెద్ద ఊళ్ళలో పల్చటి పరుపుల మీద నేర్చుకునేవాళ్ళు ఒక్క పల్టీకే గుండె చిక్కబట్టుకునే రోజులవి.

ఎగరడమైతే నేర్పింది గాని, ఆ తొట్టి ఇంకో విద్య కూడా ఒంటికి పట్టించేసింది. అది మేష్టారికీ తెలియలేదు, కుర్రాడికీ తెలియలేదు. పాదాలు తగిలీ తగలగానే మోకాళ్ళు వదులైపోయేవి, ఒళ్ళు ముందుకి ఒరిగిపోయేది, మనిషి దిగబడడం కోసం నింపాదిగా చూసేవాడు. పొట్టులో అయితే అదే సుఖం.

డెబ్బయ్యైదులో రాష్ట్రం పోటీలకి హైదరాబాదు తీసుకెళ్ళారు. అక్కడ నిజం పరుపు. రెండు పల్టీలు కొట్టి వచ్చేసరికి జనం లేచి నిలబడ్డారు. యాకోబు కాళ్ళు పరుపుకి తగిలాయి, మోకాళ్ళు వదిలాడు, దిగబడడం కోసం చూశాడు. పరుపు ఎక్కడిదక్కడే ఉంది. మనిషి బొక్కబోర్లా పడి, పెదవి చిట్లి, లేచాడు. జనం నవ్వారు.

"నిలబడాల్రా!" అన్నారు మేష్టారు, రుమాలు అందిస్తూ.

"దిగబడలేదండీ," అన్నాడు యాకోబు, అది నేల తప్పన్నట్టుగా.

తాతబ్బాయి మేష్టారి మొహం అప్పుడు పాలిపోయింది. ఇంటికొచ్చిన మర్నాడే తొట్టి విప్పించి పొట్టంతా కొబ్బరి మొదళ్ళలో పోయించేశారు. గోనెసంచుల్లో గడ్డి కూరి పరిచారు, ఇసక పోశారు, ఉత్తి నేల మీద కూడా దూకించారు. కాని నాలుగేళ్ళు ఒళ్ళు నేర్చుకున్న పాఠం నాలుగు నెలల్లో పోతుందా? గొంతు అరిగేలా అరిచినా, బెత్తం విరిగినా, ఆ మోకాళ్ళు ఆ ఆఖరి క్షణంలో వదులయ్యేవి. ఆ అడుగు పడేది.

తప్పు తనదని మేష్టారు ఎన్నడూ అనలేదు. పరుపులు మెత్తన అనేవారు, జడ్జీలు ఉత్తరాదివాళ్ళు అనేవారు, ఒకసారి ఎండల మీద కూడా పెట్టారు. మీ తొట్టి వల్లేనండీ అని యాకోబూ అనలేదు. మిగతా అన్ని విషయాలూ తండ్రీ కొడుకుల్లా మాట్లాడుకునే ఇద్దరు, ఆ ఒక్క మాటా ఏడేళ్ళు మింగుకు కూర్చున్నారు.

ఆట మీద యాకోబుకి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. బెజవాడలో టిక్కెట్టు కలెక్టరు. ఆర్నెల్లు గేటు దగ్గర, ఆర్నెల్లు కేంపుల్లో, పోటీల్లో. జాతీయ పోటీల్లో రింగుల మీద ఒకసారి రెండో స్థానం, బారు మీద ఎప్పుడూ నాలుగో అయిదో. ప్రతి పోటీ అయ్యాక అమలాపురం నుంచి కార్డు వచ్చేది. కార్డు నిండా కుశల ప్రశ్నలుండవు. మధ్యలో ఒక్కటే మాట, "కాలు?" అని. యాకోబు జవాబు కూడా అంతే. "ఒక అడుగు." "రెండు అడుగులు." "అర అడుగు." ఒకసారి "చేతులు ఆనాయి" అని రాశాడు, దానికి మాత్రం తిరుగు కార్డు రావడానికి నెల పట్టింది.

మొదట్లో యాకోబు ఏడ్చేవాడు. పోటీ అయ్యాక స్నానాల గదిలో పంపు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చి వచ్చేవాడు. తర్వాత్తర్వాత అది కూడా పోయింది. ఎనభై వచ్చేసరికి, గాల్లో ఉండగా జనం కేకలు వేస్తుంటే పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుండేది. కాలు కదిలేది, మార్కు పోయేది, సంచీ సర్దుకుని రైలెక్కేవాడు. సంతోషం లేదు, దుఃఖమూ లేదు. రాత్రి డ్యూటీ చేసినవాడికి పగలు ఎలా ఉంటుందో అతనికి అన్ని రోజులూ అలాగే ఉండేవి. ఒక్కటే మిగిలింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కదలకుండా దిగి నిలబడితే ఎలా ఉంటుందో తెలియాలి. పతకం వస్తే మంచిదే, రాకపోతే పోయె. ఆ ఒక్కటీ తెలియకుండా ఆట వదలడం అతనికి ఇష్టం లేదు.

ఎనభై రెండు నవంబరులో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ అన్నారు. జిమ్నాస్టిక్స్ జట్టులోకి ఆరుగురు కావాలి. కేంపుకి ఇరవై మందిని పిలిచారు, అందులో యాకోబు ఒకడు. కేంపు పెద్ద కోచి పంజాబీ. మొదటి రోజు యాకోబు బారు మీద చేసిందంతా నోరు తెరుచుకు చూశాడు. అడుగు పడ్డాక నోరు మూశాడు.

"దిగడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని హిందీలో అడిగాడు.

"అమలాపురంలోనండి."

"ఆ ఊళ్ళో నేల ఉండదా?"

అందరూ నవ్వారు. యాకోబూ నవ్వాడు. మేష్టారి పేరు మాత్రం చెప్పలేదు.

ఆగస్టులో రెండు రోజులు ఎంపిక పోటీలు జరిగాయి. రెండో రోజు మధ్యాహ్నానికి లెక్క తేలిపోయింది. అయిదుగురు ఖాయం. ఆరో చోటు కోసం సైన్యంలోంచి వచ్చిన కుర్రాడొకడు ముందున్నాడు, వెనకాలే యాకోబు. ఆ కుర్రాడి అంశాలన్నీ అయిపోయాయి. యాకోబుకి పరిగెత్తుకొచ్చి చెక్కగుర్రం మీంచి దూకడం ఒకటీ, చివర్న బారూ మిగిలాయి. గుర్రం దూకి దిగినప్పుడు కుడికాలి మడమ దగ్గర చిటుక్కుమంది. నొప్పి తలదాకా పాకింది. మార్కులు చూసి లెక్క కట్టారు. బారు మీద తొమ్మిది పాయింట్ నాలుగు వస్తే అతను జట్టులో ఉన్నట్టు. కదలకుండా దిగితే తొమ్మిదిన్నర దాకా వస్తుంది. అడుగు పడితే తొమ్మిదింబావు, ఇంటికి టిక్కెట్టు.

గంట వ్యవధి ఉంది. డాక్టరు మడమ నొక్కి చూశాడు, యాకోబు బల్ల అంచు పట్టుకున్నాడు. ఫోటో తీస్తే గాని లోపల ఏమైందో చెప్పలేనన్నాడు డాక్టరు. చేస్తానంటే మాత్రం ఇంజెక్షను ఇస్తాను, రెండు గంటలు కాలు తెలియదు, తర్వాత జరిగేదానికి పూచీ నాది కాదన్నాడు. యాకోబు ఎక్కువ ఆలోచించలేదు. ఎడమ మడమ కూడా ఆర్నెల్లుగా సలుపుతూనే ఉంది. రెంటికీ ఇమ్మన్నాడు. డాక్టరు ఒకసారి అతని మొహంలోకి చూసి, రెండో సూది తీశాడు.

పావుగంటకి మడమల కింద ఏమీ లేకుండా పోయింది. లేచి నడిస్తే, అద్దెకి తెచ్చుకున్న పాదాలతో నడుస్తున్నట్టుంది. జోళ్ళు విడిచాడో లేదో వంగి చూసుకుంటే గాని తెలియలేదు. అరచేతులకి సుద్ద రాసుకున్నాడు, తోలుపట్టీలు బిగించుకున్నాడు, జడ్జీల వైపు చెయ్యెత్తాడు. కోచి నడుం పట్టుకుని పైకి అందించాడు.

బారు అతనికి ఎప్పుడూ కొత్త కాదు. ఒక చుట్టు, రెండో చుట్టు, చెయ్యి మార్చడం, మళ్ళీ చుట్టు. చేతులకి ఇనుము తెలుస్తోంది, భుజాలకి బరువు తెలుస్తోంది. ఆఖరి చుట్టు ఊపందుకుని వదిలాడు. దీపాలు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి రెండు సార్లు తిరిగాయి.

తర్వాత ఏమైందో అతనికి తెలియలేదు. అంటే కళ్ళు తిరగలేదు, స్పృహ తప్పలేదు. గాల్లో ఉన్నాడు, ఇంకా ఉన్నాడనే అనుకుంటున్నాడు. ఎదురుగా జడ్జీల మొహాలు నిలకడగా కనిపిస్తున్నాయి. ఏమిటీ మొహాలు కదలడం లేదేమిటని యాకోబు కిందకి చూసుకున్నాడు. నీలం పరుపు మీద రెండు పాదాలు, పక్కపక్కనే, పెట్టినట్టు ఉన్నాయి. దిగిపోయాడన్నమాట. కాలు కదల్లేదన్నమాట. నేల తగల్లేదు గనక మోకాళ్ళకి కబురు అందలేదు, కబురు అందలేదు గనక అవి వదులు కాలేదు. చెయ్యెత్తాలని అప్పుడు గుర్తొచ్చి ఎత్తాడు.

తొమ్మిది పాయింట్ నాలుగు అయిదు.

కోచి వచ్చి కౌగిలించుకున్నాడు. ఎవరెవరో వీపు చరిచారు. వీపుకి ఆ దెబ్బలు బాగానే తెలిశాయి. యాకోబు బెంచీ మీద కూర్చుని, సంతోషం ఎప్పుడొస్తుందా అని చూశాడు. సంతోషం లేటుగా వస్తుందేమోనని అరగంట చూశాడు. రాలేదు. లేచి వెళ్ళి మేష్టారికి తంతి ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒక్కటే, "కదల్లేదు" అని. తంతి గుమాస్తా రెండు సార్లు చదివి, ఇది ఏ భాష అని అడిగాడు.

సాయంత్రానికి మందు దిగిపోయింది. కుడికాలు పిండి ముద్దలా ఉబ్బింది. ఫోటో తీస్తే మడమ ఎముక రెండు ముక్కలు. గుర్రం దూకినప్పుడు బీట పడి, బారు మీంచి దిగినప్పుడు పూర్తిగా విరిగి ఉంటుందన్నారు. జట్టు జాబితాలో ఆరో పేరుగా యాకోబు పేరు టైపు చేసింది మూడు రోజులుంది. నాలుగో రోజు కొట్టేసి సైన్యం కుర్రాడి పేరు వేశారు. పాపం ఆ కుర్రాడు ఆస్పత్రికి వచ్చి, చేతులు కట్టుకుని మంచం పక్కన నిలబడి, క్షమించమన్నాడు. యాకోబు తన తోలుపట్టీలు తీసి అతనికి ఇచ్చేశాడు. నిండు మనసుతో ఇచ్చాడని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ఇచ్చినా, ఇవ్వకపోయినా అతనికి ఒకలాగే ఉంది.

నవంబరులో ఆటలు జరిగినన్నాళ్ళూ బెజవాడలో పిండికట్టు వేసుకుని పడుకున్నాడు. వార్డులో అందరూ ట్రాన్సిస్టరు చుట్టూ మూగేవారు. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. కోపం వచ్చి కాదు, వెలుతురు కళ్ళలో పడుతోందని. కట్టు విప్పాక డాక్టరు ఎముక అతికిందన్నాడు గాని, పైనుంచి దూకే పని ఇంక పెట్టుకోవద్దన్నాడు. ఇరవై మూడేళ్ళు. రైల్వేవాళ్ళు గేటు డ్యూటీ తీసేసి కుర్చీ పని ఇచ్చారు. ఆట అయిపోయింది.

డిసెంబరులో తాతబ్బాయి మేష్టారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఈసారి కార్డు నిండా రాశారు. స్కూల్లో సన్మానం పెట్టాం, తప్పకుండా రావాలని.

రావులపాలెంలో బస్సు మారి అమలాపురంలో దిగేసరికి స్కూలు గేటుకి గుడ్డ కట్టి ఉంది. దాని మీద ఎర్ర అక్షరాలతో "ఒలింపిక్ వీరుడు యాకోబు గారికి స్వాగతం" అని. అతను ఆడబోయింది ఒలింపిక్స్ కాదు, ఆడబోయింది కూడా ఆడలేదు. కాని మావాళ్ళ మర్యాద అలాంటిది. పెట్టేటప్పుడు వడ్డన తక్కువ కాకూడదు. హెడ్మాస్టరు గారు కూడా మైకులో ఒలింపిక్ అనే అన్నారు. యాకోబు కుర్చీలో కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, దండలు వేయించుకున్నాడు. దండ బరువు మెడకి తెలుస్తోంది.

ఆఖర్న తాతబ్బాయి మేష్టారు మైకు ముందుకొచ్చారు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు. జేబులోంచి తంతి కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగిపోతే వెనకాల కాగితం అంటించి ఉంది.

"మావాడు దిగేడండీ," అన్నారు. "ఢిల్లీలో, అంతమంది ముందు, కాలు కదలకుండా దిగేడు. ఏడేళ్ళు నేను... నాకింకేమీ అక్కర్లేదండి."

అని కూర్చుండిపోయారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. యాకోబు కూడా, ఏం చెయ్యాలో తెలియక, చప్పట్లు కొట్టాడు.

భోజనం ఎలీసమ్మ ఇంట్లో. రెండు ఆకులు వేసి, చేపల పులుసూ, ములక్కాడ కూరా వడ్డించింది. నూకరాజు దింపుకి వెళ్ళి ఇంకా రాలేదు. మేష్టారు రెండు ముద్దలు తిని ఆగారు. పొద్దున్నుంచీ, కాదు, నాలుగు నెలలుగా దాచుకున్న ప్రశ్న అది. అక్కడ ఆయన లేరు. ఏడేళ్ళు ఎదురుచూసినది ఆయన కళ్ళ ముందు జరగలేదు. కనీసం విననైనా వినాలి.

"ఒరే యాకోబూ, ఇప్పుడు నింపాదిగా చెప్పరా. దిగినప్పుడు ముందేది ఆనింది? వేళ్ళా, మడమా?"

చాలా చిన్న ప్రశ్న. జవాబు కూడా యాకోబుకి తెలుసు. ముందు వేళ్ళ మొదళ్ళు ఆనాలి, తర్వాత మడమ ఆనాలి. నోటిదాకా వచ్చింది. వేళ్ళండీ అనేస్తే ఆ పెద్దాయన మరో ముద్ద సుఖంగా తింటాడు. మొన్నటిదాకా అడిగినవాళ్ళందరికీ బాగుందండీ, గొప్పగా ఉందండీ అంటూనే వచ్చాడు. కాని వాళ్ళెవ్వరూ ఈ ప్రశ్న అడగలేదు. ఈ ప్రశ్న అడగ్గలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"తెలీలేదండీ," అన్నాడు యాకోబు.

"తెలీకపోవడమేంట్రా?"

"మడమలకి మందు ఎక్కించుకున్నానండి. రెంటికీ. పాదాలు లేనట్టే ఉందండి. వంగి చూసుకుంటే గాని దిగేనని తెలీలేదండి."

మేష్టారి చెయ్యి ఆకులో అలాగే ఉండిపోయింది. ఎలీసమ్మ పులుసు గరిట పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసింది. మేష్టారు మెల్లిగా అన్నారు.

"అయితే నువ్వు దిగలేదన్నమాటేరా."

దండలు వేసినవాళ్ళు, వీపు చరిచినవాళ్ళు, పేపరు కోసి పంపినవాళ్ళు, అందరూ నువ్వు దిగావు దిగావనే చెప్పారు. నాలుగు నెలలుగా అతనికొక్కడికే తెలిసిన సంగతి ఈ ముసలాయన పైకి అనేశాడు. "ఆయ్," అన్నాడు యాకోబు. అని, ఆకు మీదకి వంగి, ఎంగిలి చెయ్యి అలా గాల్లోనే పెట్టుకుని భోరున ఏడ్చాడు.

"ఏంటండీ మేష్టారూ, తినే పిల్లాణ్ణి పట్టుకుని!" అని ఎలీసమ్మ కసిరింది.

"తప్పు వాడిది కాదమ్మా," అన్నారు తాతబ్బాయి మేష్టారు. "పొట్టు నేను పోయించేను. ఎగరడం నేర్పేను గాని, వాడికి దిగడం నేర్పలేదు. నేర్పకుండా పంపేను." ఏడేళ్ళ మాట అంత తేలిగ్గా, పులుసన్నం ముందు కూర్చుని అనేశారు.

ఆకు మడిచి లేచారు. చెయ్యి కడుక్కున్నారు. తుడుచుకోకుండానే గుమ్మం దాటి వాకిట్లోకి వెళ్ళారు.

"లే," అన్నారు అక్కణ్ణుంచి. "ఇలా రా."

యాకోబు చెయ్యి కడుక్కుని, కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. ఆ ఇంటి అరుగు మూరెడు ఎత్తుంటుంది. కింద వాకిలి గట్టి నేల, ఎండకి పేడ అలుకు బిగిసి ఉంది.

"కర్ర అక్కడ పెట్టు. అరుగు మీద నిలబడు. చేతులు ముందుకి. ఇప్పుడు దిగు."

"విరిగిన కాలండీ అది!" అని కేకేసింది ఎలీసమ్మ. "పెద్దవారు, మీకు మతి పోయిందా ఏంటండీ! వాడికింక ఆటేంటి, దూకడమేంటి!"

"ఆటకి కాదమ్మా," అన్నారు మేష్టారు.

యాకోబు కర్ర గోడకి ఆనించాడు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. అరుగు అంచున నిలబడి, చేతులు చాచి, దిగాడు.

మూరెడు ఎత్తే. నొప్పి మడమలోంచి మోకాలి దాకా లేచింది. వేళ్ళకి ముందు నేల తగిలింది, ఎండకి కాలి ఉంది, అలుకు గరుకుగా ఉంది. తర్వాత మడమ తగిలింది. మోకాళ్ళు వదులయ్యాయి, ఒళ్ళు ముందుకి ఒరిగింది, కుడికాలు అంగుళం జరిగింది.

మేష్టారు అతని ఎదురుగా గొంతుక్కూర్చుని పాదాల వైపే చూస్తున్నారు.

"ముందేది ఆనింది?"

"వేళ్ళండీ. తర్వాత మడమండీ. కుడిది నొప్పెట్టిందండీ."

"కాలు కదిలింది."

"ఆయ్."

"మళ్ళీ ఎక్కు," అన్నారు తాతబ్బాయి మేష్టారు.

యాకోబు గోడ పట్టుకుని మళ్ళీ అరుగెక్కాడు.